కాలిన ట్రాన్స్‌ఫార్మరుకు తగిన సర్వనామం

మా విద్యుత్ డివిజన్ ఆఫీసులో ఇంగ్లీషు సరిగా రాదన్న బాధ ఎవరికీ ఉండేది కాదు. కరెంటే సరిగా రాని చోట ఇంగ్లీషు గురించి ఎవరు పట్టించుకుంటారు? ఉత్తరాల సెక్షన్లో గుమాస్తాగా నేను రాసిన ఇంగ్లీషు పై ఆఫీసు వాళ్లకు అర్థమయ్యేది. వాళ్లు రాసింది నాకు అర్థమయ్యేది. ఇంగ్లండు వాళ్లకు కూడా అర్థం కావాలని మాలో ఎవరూ కోరుకోలేదు. అలా హాయిగా గడిచిపోతున్న కాలంలో చీఫ్ ఇంజనీరు గారు మా డివిజన్ చూడడానికి వచ్చి వెళ్లారు. ఆయన వెళ్లాక మా డివిజన్‌కు పెద్ద అయిన డీఈ పరాంకుశం గారు ఆయనకు స్వహస్తాలతో ఒక కృతజ్ఞతాపత్రం రాశారు. కొంప మునిగింది అక్కడే.

తెలుగులో అయితే ఈ గొడవ లేదు. వచ్చిన ఆఫీసరు, వచ్చిన జ్వరం, వచ్చిన వాన అని మనం అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాం. ఎవరూ నొచ్చుకోరు. ఇంగ్లీషులో అలా కుదరదు. వచ్చింది మనిషి అయితే హూ అనాలి, వస్తువైతే విచ్ అనాలి. ఎటూ తేలకపోతే దట్ అని గట్టెక్కవచ్చు. మా పరాంకుశం గారు ‘మా ఆఫీసుకు దయచేసిన చీఫ్ ఇంజనీరు’ అనే మాటను ఇంగ్లీషులో పెడుతూ చీఫ్ ఇంజనీరు గారికి విచ్ తగిలించారు.

చీఫ్ ఇంజనీరు గారు తన పర్యటనలో విరిగిన స్తంభాలు చూశారు, చేతికందే ఎత్తులో వేలాడే తీగలు చూశారు, తాను భోంచేస్తుండగా కరెంటు పోవడం కూడా చూశారు. వాటి గురించి ఒక్క మాట అనలేదు. ఉత్తరాన్ని మాత్రం వెనక్కి పంపించారు. విచ్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, కింద ‘నేను వస్తువును కాను’ అని రాసి సంతకం పెట్టారు.

పరాంకుశం గారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. తరవాత సెలవు పెట్టి, రాజధానిలో ఒక పెద్ద హోటల్లో జరిగిన ‘పరిపాలనలో సర్వనామాల ప్రాధాన్యం’ అనే శిక్షణకు వెళ్లారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషి. వచ్చేటప్పటికి కళ్లలో ఏదో వెలుగు. వచ్చిన రోజే మమ్మల్నందరినీ హాల్లో నిలబెట్టి, ఈ దేశంలో విద్యుత్ నష్టాలకు మూలకారణం తీగల్లో లేదనీ, వాక్యాల్లో ఉందనీ వివరించారు. ఒక వాక్యంలో కర్తకూ క్రియకూ మధ్య బిగువు లేనప్పుడు స్తంభానికీ స్తంభానికీ మధ్య బిగువు ఎలా ఉంటుందని మమ్మల్నే అడిగారు.

ఆ వారంలోనే ‘సంబంధ సర్వనామ పరిశీలన విభాగం’ ఏర్పడింది. మీటర్లు పరీక్షించే గది ఖాళీ చేయించి, మీటర్లను వరండాలోకి నెట్టి, ఆ గదికి ఏసీ పెట్టించి, రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు అనంతశయనం గారిని సలహాదారుగా కూర్చోబెట్టారు. ఆయన ముందు మూడు రబ్బరు ముద్రలు. ఒకటి హూ, ఒకటి విచ్, ఒకటి దట్. ఆఫీసులోంచి బయటికి పోయే కాగితమైనా, బయటి నుంచి లోపలికి వచ్చే కాగితమైనా ఆయన చదివి, అందులోని సర్వనామం సరైనదని ముద్ర కొడితే తప్ప కదలకూడదు.

అనంతశయనం గారు చెడ్డవారు కాదు. పైగా నిష్ఠాపరులు. ముప్పై ఏళ్లు కాలేజీలో ఆయన మాట ఎవరూ వినలేదు. ఇప్పుడు ఒక డివిజన్ మొత్తం ఆయన నోటివైపు చూస్తోంది. ఆ ఆనందంలో ఆయన ఏ కాగితాన్నీ తేలిగ్గా వదిలేవారు కాదు.

చనిపోయిన ఉద్యోగిని హూ అనాలా విచ్ అనాలా అన్నది మొదటి సమస్య. రెండు పూటలు చర్చించాక, పెద్దకర్మ అయ్యేదాకా హూ, అటుపైన దట్ అని తేల్చారు. తెగిన తీగ తగిలి చచ్చిపోయిన ఆవు సంగతి రెండోది. జంతువు కాబట్టి విచ్ అన్నారు. ఆవు యజమాని ఒప్పుకోలేదు. దాని పేరు గౌరి, పిలిస్తే పలికేది అన్నాడు. పేరున్న జంతువును హూ అనవచ్చని ఇంగ్లీషు వాళ్లే ఒప్పుకున్నారు కాబట్టి అనంతశయనం గారు హూ ముద్ర కొట్టారు. ఆ కబురు ఊళ్లలోకి పాకి, మా డివిజన్ పరిధిలో అప్పటిదాకా పేరు లేని గేదెలన్నింటికీ పేర్లు వచ్చాయి.

ఔట్‌సోర్సింగ్ పనివాళ్ల దగ్గర మాత్రం సలహాదారు గారు గట్టిగా నిలబడ్డారు. స్తంభాలెక్కే కుర్రాళ్లలో సగం మంది వాళ్లే. వాళ్లు మనుషులన్న విషయం ఆయన కాదనలేదు. అయితే కాగితాల ప్రకారం సంస్థ ఒక ఏజెన్సీ నుంచి ‘సేవలు’ కొనుక్కుంటోంది. కొన్నది సేవ అయినప్పుడు స్తంభం ఎక్కింది కూడా సేవే అవుతుంది. సేవకు హూ వాడడం వ్యాకరణ విరుద్ధం. వాళ్లు పదిమంది వచ్చి తమకూ హూ ఇప్పించమని డీఈ గారిని వేడుకున్నారు. పరాంకుశం గారు తల అడ్డంగా ఊపి, ఇవాళ హూ ఇస్తే రేపు సెలవులు అడుగుతారని వాళ్లు వెళ్లాక నాతో అన్నారు. నాకు ఒళ్లు మండింది. పైకి మాత్రం అవును సార్ అన్నాను.

ఇలా ఉండగా ఎండాకాలం మొదట్లో తుమ్మమానుపల్లి కుళ్లాయమ్మ మా ఆఫీసు మెట్లెక్కింది.

తుమ్మమానుపల్లి అంటే పల్లె అని పేరే గానీ, గుట్ట కింద పది ఇళ్లు, నాలుగు తోటలు. మొత్తానికి కలిపి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. అది కాలిపోయింది. ఇళ్లలో దీపాలు పోతే వాళ్లు ఓర్చుకునేవాళ్లే. కుళ్లాయమ్మకు మాత్రం చీనీతోట, అంటే బత్తాయితోట, ఉంది. మొగుడు పోయిన ఏడాది ఆమె నాటిన చెట్లవి. బోరు పడని ఒక కరువులో బిందెలతో నీళ్లు మోసి బతికించుకుంది. ఇప్పుడు బోరు ఉంది, బోరులో నీళ్లున్నాయి, చెట్ల నిండా కాయ ఉంది, నీళ్లు పైకి తెచ్చే కరెంటు లేదు.

ఆమె అర్జీ నేనే తీసుకున్నాను. కాగితం మీద ఉన్నదంతా నేను చదివాక కూడా ఆమె కదలలేదు.

“కాయ ఇప్పుడు నిమ్మకాయంత అయినాది సార్. నీళ్లు లేకుంటే రాలిపోతుంది. కాయ పోతే పోయిందిలే అనుకుంటా. చెట్టే పోతే మల్లా నేను యాడ పెంచేది? నాకింక అంత వయసు యాడుంది?”

ఆ రోజే ఉత్తరం తయారుచేసి, సలహాదారు గారి ముందు కూర్చుని ముద్ర వేయించుకుని, జిల్లాకు పెద్ద అయిన సూపరింటెండింగ్ ఇంజనీరుకు, అంటే మా వాడుకలో ఎస్ఈ గారికి పంపాను. అక్కడి నుంచి మంజూరు ఉత్తర్వు ఎన్నడూ లేనంత తొందరగా వచ్చింది. ‘తుమ్మమానుపల్లిలో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును మార్చవలెను’ అని ఎస్ఈ గారి ఆఫీసులో ఇంగ్లీషులో టైపు చేస్తే ఎస్ఈ గారు సంతకం చేశారు. ఇక డీఈ గారు కింద ఒక పొడి సంతకం గీకితే స్టోర్సులోంచి కొత్తది బయలుదేరుతుంది. కుళ్లాయమ్మకు కబురు కూడా పెట్టాను.

ఉత్తర్వు దారిలో సలహాదారు గారి గదిలోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

ఏమైందని వెళ్లి చూస్తే, అనంతశయనం గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఎస్ఈ గారి ఆఫీసు వాళ్లు ఆ వాక్యంలో దట్ వాడారట. కామా లేకుండా దట్ వాడితే, అనేక ట్రాన్స్‌ఫార్మర్లలో కాలిపోయిన ఒకదాన్ని వేరు చేసి చూపిస్తున్నట్టట. ఊళ్లో ఉన్నది ఒకటే అయితే కామా పెట్టి విచ్ వాడాలట. ఇంతకీ ఆ ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని ఉన్నాయని ఆయన నన్ను అడిగారు. ఒకటే అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

పరాంకుశం గారి గదిలో అత్యవసర సమావేశం జరిగింది. దట్ కొట్టేసి కామా, విచ్ పెడితే సరిపోతుంది కదా సార్ అని నేను అమాయకంగా అన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు.

“ఎస్ఈ గారు సంతకం చేసిన వాక్యంలో తప్పుందని మీరు రాతపూర్వకంగా ఒప్పుకోదలచారా? సంతకం కానంతవరకే అది వాక్యమయ్యా. అయ్యాక అది నిర్ణయం. నిర్ణయంలో తప్పుండదు. ఉంటే గింటే వాస్తవ పరిస్థితిలో లోపం ఉండి ఉంటుంది. క్షేత్రస్థాయిలో వెళ్లి పరిశీలిద్దాం.”

మా శాఖలో పాతుకుపోయిన ఆచారం ఇది. ఇరవై స్తంభాలకు బదులు రెండు వందల స్తంభాలని పైవారు సంతకం చేస్తే, సంతకాన్ని దిద్దమని మేము అడగం. మిగతా నూట ఎనభై ఎక్కడ పాతాలో స్థలం వెతుకుతాం. కాబట్టి ఆయన మాట నాకు వింతగా అనిపించలేదు.

జీపులో వెళ్లాం. తుమ్మమానుపల్లి మొదట్లోనే కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ నల్లగా, నూనె కారుతూ స్తంభాల మీద కూర్చుని ఉంది. కుళ్లాయమ్మ పరుగున ఎదురొచ్చింది. జీపు వెనకభాగం ఖాళీగా ఉండడం చూసి, కొత్తది వేరే బండిలో వస్తోందేమోనని రోడ్డు వైపు చూసింది. డీఈ గారు ఆమెను పక్కకు పిలిచి, ఈ పరిసరాల్లో ఇది కాక వేరే ట్రాన్స్‌ఫార్మర్ ఏదైనా ఉన్నదా అని ఎంతో మర్యాదగా అడిగారు.

“ఇంకోటి ఉంటే మీకాడికి యాల వస్తాం సార్?” అంది ఆమె.

మేము గుట్ట చుట్టూ తిరిగి చూశాం. తోటల్లో చూశాం. అనంతశయనం గారు పంచె ఎగ్గట్టి ఒక పాడుబడిన కొట్టంలోకి కూడా తొంగి చూశారు. రెండో ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడా లేదు. చీనీచెట్ల ఆకులు అప్పటికే ముడుచుకుని ఉన్నాయి. కుళ్లాయమ్మ ఒక ఆకు తుంచి డీఈ గారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ప్రస్తుత పరిశీలన పరిధిలోకి రాదని చెప్పి వెనక్కి ఇచ్చేశారు.

తిరుగు ప్రయాణమయ్యాం. ఊరు చేరబోతుండగా పరాంకుశం గారు హఠాత్తుగా జీపు ఆపించారు. ఎస్ఈ గారి వాక్యం ప్రకారం ఆ ఊళ్లో మరో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. లేదు. ఉండాల్సింది లేకపోతే ఏం చేయాలి, పెట్టాలి. అంతే కదా? అనంతశయనం గారి ముఖం విప్పారింది. వాక్యానికి తగినట్టు లోకాన్ని దిద్దడం గురించి పుస్తకాల్లో చదవడమే గానీ, ఒక ప్రభుత్వ అధికారి ఆ పనికి పూనుకోవడం తన జీవితంలో మొదటిసారి చూస్తున్నానని గద్గదస్వరంతో అన్నారు.

ఒక మామూలు ట్రాన్స్‌ఫార్మర్ మార్పించడానికి మా ఆఫీసులో కాళ్లరిగేలా తిరగాలి. ఇది ఎస్ఈ గారి పరువు సంగతి కాబట్టి మూడో నాటికే లారీ కదిలింది. మంజూరు కాగితంలో ‘ప్రయోజనం’ అనే చోట ‘వ్యాకరణ అనుగుణ్యత నిమిత్తం’ అని రాసింది నేనే. ఔట్‌సోర్సింగ్ లైన్‌మన్ మౌలాలి, అతని జట్టు ఎండలో చెమటలు కక్కుతూ కొత్త స్తంభాలు పాతి, కాలిపోయినదానికి పక్కనే కొత్తదాన్ని ఎక్కించి, తీగలన్నీ కలిపేశారు. స్తంభం మీది స్విచ్ ఒక్కటి వేస్తే చాలు. కుళ్లాయమ్మ వాళ్లందరికీ మజ్జిగ పోసింది. మోటారుకు ఆటోస్టార్టర్ బిగించి పెట్టుకుంది. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని మా వైపు రైతులందరూ చేసే పని అది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది.

సాయంత్రానికి కూడా మోటారు తిరగలేదు. మరునాడు ఆమె ఆఫీసుకు వచ్చింది. నేను డీఈ గారి దగ్గరికి తీసుకెళ్లాను.

పరాంకుశం గారు ఓపిగ్గా వివరించారు. కొత్తగా పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు ఇవ్వడానికి పెట్టింది కాదట. అది ‘కాలిపోనిది’గా ఉండడానికి పెట్టింది. దానికి కరెంటిస్తే, మా డివిజన్ సంగతి తెలిసిందే, ఒకనాటికి అది కూడా కాలిపోవచ్చు. అప్పుడు ఊళ్లో ఉన్న రెండూ కాలినవే అవుతాయి. కాలిపోయినదాన్ని మార్చమని ఎస్ఈ గారు అన్నప్పుడు ఆయన దేని గురించి అన్నట్టు? వాక్యం మళ్లీ చెడుతుంది. కాబట్టి కరెంటు ఇవ్వకుండా ఉంచడమే ఆ ట్రాన్స్‌ఫార్మరుకు క్షేమం.

“మరి పాతదాని బదులు పెడతామన్నారే సార్, అది?” అంది కుళ్లాయమ్మ.

అది తప్పకుండా జరుగుతుందన్నారు డీఈ గారు. వాక్యం ఇప్పుడు నిర్దుష్టంగా ఉంది కాబట్టి ఫైలు స్టోర్సుకు వెళ్లింది. మాట తప్పలేదు, నిజంగానే వెళ్లింది. అక్కడి నుంచి అంతే నిజంగా తిరిగి వచ్చింది. తుమ్మమానుపల్లిలో ఇటీవలే ఒక సరికొత్త ట్రాన్స్‌ఫార్మర్ అమర్చినట్టు రికార్డుల్లో ఉన్నందున, అదే ఊరికి మరొకటి ఇచ్చే ప్రశ్నే తలెత్తదని స్టోర్సు వారు తెలియజేశారు.

ఈ సంగతి కుళ్లాయమ్మకు చెప్పాల్సిన పని నా నెత్తిన పడింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఇంటికి పోయి ఆ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి చూస్తానని, ఎన్ని రోజులు చూస్తే కరెంటిస్తుందో కనుక్కుని చెప్పమని అంది. నాకు ఉద్యోగం మీద అంత రోత అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

మా పరాంకుశం గారు మాత్రం మంచి ఉత్సాహంలో ఉన్నారు. ఒక ఉన్నతాధికారి వాక్యం కోసం ఊరి ముఖచిత్రాన్నే మార్చిన సంగతి నలుగురికీ తెలియాలని తుమ్మమానుపల్లిని ‘భాషాశుద్ధి ఆదర్శ గ్రామం’గా ప్రకటించి సభ ఏర్పాటు చేశారు. ఎస్ఈ గారు ముఖ్య అతిథి. రెండు ట్రాన్స్‌ఫార్మర్ల ముందు షామియానా, కుర్చీలు, మైకు, వేదిక మీద నాలుగు ఫ్యాన్లు. ఫ్యాన్లకు కరెంటు ఎక్కడిదని ఎవరికీ తట్టలేదు. కరెంటు ఆఫీసు వాళ్లం కదా, ఆ ఆలోచన మాకు అలవాటు లేదు.

ఎస్ఈ గారు లావుపాటి మనిషి. మిట్టమధ్యాహ్నం. ఆయన మెడ నుంచి చెమట ధారగా కారి దండలోని బంతిపూలను తడిపేస్తోంది. ఫ్యాన్ల వైపు ఒకసారి, డీఈ గారి వైపు ఒకసారి చూశారు. తరవాత కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూసి, అది అలంకారానికి పెట్టారా, వేయండయ్యా స్విచ్ అన్నారు. పరాంకుశం గారు గబుక్కున కుర్చీలోంచి లేచారు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పి, మౌలాలి స్విచ్ వేశాడు.

ఫ్యాన్లు తిరిగాయి. మైకు కీచుమంది. అదే క్షణాన షామియానా వెనక ఎక్కడో మోటారు గురగురమని మొదలైంది. ముందు వరసలో కూర్చున్న కుళ్లాయమ్మ లేచి, వేదిక మీద ఎస్ఈ గారు మాట్లాడుతుండగానే, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని తోట వైపు పరుగెత్తింది. ఎస్ఈ గారు సర్వనామానికీ సమాజానికీ గల అవినాభావ సంబంధం మీద చాలాసేపు మాట్లాడారు. అంతసేపూ చెట్ల పాదుల్లోకి నీళ్లు పారుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నా జన్మలో నేను అంత శ్రద్ధగా విన్న ఉపన్యాసం లేదు.

ఎస్ఈ గారి కారు కనుమరుగవగానే పరాంకుశం గారు స్తంభం దగ్గరికి పరుగున వెళ్లి, స్విచ్ తీసేయమని మౌలాలితో అన్నారు. మౌలాలి కదలలేదు.

“వేయమనింది ఎస్ఈ సార్. ఇంతమంది ముందర అన్యాడు. తీయమనేది కాగితం మీద ఇయ్యండి సార్, తీస్తా. రేపు ఆయప్ప ఎవురు తీయమన్యారంటే నేనేం చెప్పల్ల?”

డీఈ గారు స్విచ్ వైపు చాచిన చేయి వెనక్కి తీసుకున్నారు. నిజమే. ఎస్ఈ గారు వేయమన్నదాన్ని ఆయన అనుమతి లేకుండా తీసేయడమంటే ఆయన చెప్పింది తప్పు అన్నట్టే. అలాగని వదిలేస్తే, అది కాలిపోతే? డీఈ గారు అక్కడే నా వైపు తిరిగి, స్విచ్ తీయడానికి ఎస్ఈ గారి అనుమతి కోరుతూ వెంటనే ఉత్తరం తయారుచేయమన్నారు.

వెంటనే చేశాను. ఆఫీసుకు వెళ్లాక కాఫీ కూడా తాగకుండా కూర్చున్నాను. మామూలుగా అయితే ‘స్విచ్ తీయుటకు అనుమతి కోరడమైనది’ అని మూడు ముక్కల్లో తేల్చేసేవాణ్ని. ఈసారి నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టాను. ఎస్ఈ గారు హాజరైన సభ కోసం, మౌలాలి ఎక్కిన స్తంభానికి బిగించిన స్విచ్ ద్వారా కరెంటు పొందిన, కాలిపోయినదాని పక్కన నిలబెట్టిన, తన నూనె ఇంకా చల్లగానే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అని ఒకే వాక్యంగా అల్లాను. ప్రతి మలుపులోనూ ఒక సర్వనామం. హూ ఉంది, విచ్ ఉంది, దట్ రెండుసార్లు ఉంది. నూనె దగ్గర హూజ్ పెట్టాను. చివర్లో ఎందుకైనా మంచిదని ఒక హూమ్ కూడా ఇరికించాను.

అనంతశయనం గారు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నారు. ఒకసారి చదివారు. మళ్లీ చదివారు. ఏసీ గదిలో ఆయన నుదుటి మీద చెమట పట్టింది, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. ఇది ఒక రోజులో తేలేది కాదన్నారు. మౌలాలి ఔట్‌సోర్సింగ్ కాబట్టి ముందు ఏజెన్సీ ఒప్పందం తెప్పించాలన్నారు. హూజ్ అంటే ‘ఎవరిదైతే’ అని అర్థం, మరి ట్రాన్స్‌ఫార్మరుకు ‘తనది’ అనే భావన ఉండవచ్చునా అన్నది ఇంగ్లీషు పండితులకే కొరుకుడుపడని విషయమట. దానికి రెండు యూనివర్సిటీలకు రాశారు. ఒక యూనివర్సిటీ వారు ఉండవచ్చన్నారు, రెండో వారు ఉండకూడదన్నారు. మూడో అభిప్రాయం కోసం ఒక కమిటీ వేశారు. పరాంకుశం గారు రోజూ ఆ గది గుమ్మం దాకా వెళ్లి, తొంగిచూసి, వెనక్కి వచ్చేవారు. తాను పెట్టిన విభాగాన్ని తానే తొందరపెట్టలేరు కదా.

ఉత్తర్వు లేదు కాబట్టి మౌలాలి స్విచ్ తీయలేదు. తుమ్మమానుపల్లిలో కరెంటు ఉంది. కుళ్లాయమ్మ మోటారు తిరుగుతూనే ఉంది.

చినుకులు మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం ఆమె సంచి నిండా చీనీకాయలతో ఆఫీసుకు వచ్చింది. ఒక్కో కాయ గుప్పిట్లో పట్టనంత ఉంది. ఆఫీసంతా ఘుమఘుమలాడింది. గుమాస్తాలు తిన్నారు, టైపిస్టు తింది, అనంతశయనం గారు కమిటీ కాగితాలు రసంతో తడవకుండా పక్కకు జరిపి మరీ తిన్నారు. డీఈ గారి బల్ల మీద కూడా రెండు పెట్టి వచ్చింది. ఆయన తొక్క వలుస్తూ, ఇంకేమన్నా పని ఉందా అమ్మా అని అడిగారట. ఏమీ లేదు సార్ అని చెప్పి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

చుట్టూ చూసి, రొండిన దోపుకున్న కాగితం ఒకటి తీసింది. ఊళ్లో ఎవరిచేతనో రాయించిన అర్జీ.

“ఆ స్విచ్ తీసే కాగితం ఉండాది గదా సార్, దాన్ని తొందరగా తేల్చద్దని పెద్దసారుకు రాయించినా. ఇంకో కాపు అయిందాకా అట్లే ఉండనీయమని.”

మా ఆఫీసు పుట్టాక, పని ఆలస్యం చేయమని అర్జీ పెట్టిన మొదటి మనిషి ఆమే. ఆ కాగితం చదువుతుంటే నాకు నవ్వు ఆగలేదు. మడిచి ఆమె చేతికే ఇచ్చేశాను.

“కాగితం మీద పెట్టొద్దమ్మా. పెడితే దాని మీద పని మొదలవుతుంది. మీరు నోటితో చెప్పారు, నేను చెవులతో విన్నాను. చాలు.”

ఆమె అర్థమైనట్టు తలూపింది. కాగితాన్ని మళ్లీ రొండిన దోపుకుని, ఖాళీ సంచి దులిపి చంకన పెట్టుకుని, పదకొండు గంటల బస్సు తప్పిపోతుందని గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.